అమ్మేవాడి కథ వినకండి, ఇనుము మీది ముద్ర చూడండి

నా మొదటి బాయ్‌నెట్‌ని గునపం అనుకుని కొన్నాను. బాయ్‌నెట్ అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తి. తొమ్మిదేళ్ళ కిందట, ఆదివారం పొద్దున్నే, ఇక్కడ ఇంగ్లండ్‌లో పొలాల్లో జరిగే, కారు డిక్కీల్లోంచి పాత సామాను అమ్మే కార్ బూట్ సేల్‌లో, పాత పారలూ తోట కత్తెరలూ పడేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఓ మూల మూడు పలకల ఇనుప ఊచ ఒకటి కనిపించింది. అడుగున చిన్న గొట్టం, గొట్టం పక్కనుంచి వంకర మెడ, ఆ మెడ మీదుగా సన్నబడుతూ పైకి పోయిన ఊచ. ఒళ్ళంతా తుప్పు. టమాటా నారు నాటేటప్పుడు మట్టిలో కన్నాలు పెట్టడానికి బాగుంటుందని బేరమాడి 12 పౌండ్లకి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి నూనె పోసి అటూ ఇటూ కదిలిస్తుంటే గొట్టం చుట్టూ ఉన్న సన్న రింగు ఒకటి కిర్రుమంటూ తిరిగింది. టమాటాలకి కన్నం పెట్టే ఊచకి తిరిగే రింగుతో ఏం పని? అక్కడ మొదలైంది ఈ పిచ్చి. ఇప్పుడు నా దగ్గర 19 ఉన్నాయి, అన్నీ విక్టోరియా రాణి కాలంవే. మా ఆవిడ లెక్క ప్రకారం 18 ఎక్కువ.

ఆ ఊచ అసలు పేరు ప్యాటర్న్ (అంటే నమూనా) 1853 సాకెట్ (అంటే అడుగునున్న ఆ గొట్టం) బాయ్‌నెట్. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి తగిలించేది. ఆ రైఫిల్ మనకి కొత్తేం కాదు, సాంఘికశాస్త్రం పుస్తకంలో ఆవు కొవ్వు, పంది కొవ్వు తూటాల గొడవ చదువుకున్నాం కదా, ఆ తూటాలు దీనికోసం చేసినవే. ఆ పాఠం బట్టీపట్టి పరీక్ష రాసినవాణ్ణే, అదే రైఫిల్ ముక్కు మీద కూర్చునే కత్తి చేతిలో పట్టుకుని గునపం అనుకున్నాను.

దాని పనితనం ఒకసారి చేత్తో తిప్పి చూస్తే తప్ప అర్థం కాదు. గొట్టాన్ని తుపాకీ మూతి మీదకి తోస్తాం. గొట్టానికి మెట్టు మెట్టుగా వంపులు తిరిగిన గాడి ఉంటుంది, తుపాకీ ముందు గురి చూసే దిమ్మ ఆ గాడిలోంచి దూరి లోపలికి పోతుంది. చివరికి వెళ్ళాక రింగు తిప్పితే దిమ్మ వెనక తలుపు వేసినట్టు గాడి మూసుకుపోతుంది, ఇక ఎంత గుంజినా రాదు. మరి ఆ మెడ వంకర ఎందుకు? అప్పట్లో మందుగుండు తుపాకీ మూతిలోంచే పోసి కడ్డీతో కూరాలి. కత్తి సరిగ్గా మూతి ఎదురుగా నిటారుగా ఉంటే, కూరే సిపాయి తన చెయ్యి తనే కోసుకుంటాడు. అందుకని బ్లేడుని పక్కకి జరిపారు. ఇంత చిన్న వంపులో ఇంత ఆలోచన ఉందని తెలిసిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు, నమ్మండి.

నిద్రపట్టక నేను చేసిన పనికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. దాన్ని శుభ్రం చేశాను. మామూలుగా కాదు, ముందు అంట్లు తోమే స్టీలు పీచుతో, తర్వాత గరుకు కాగితంతో, అదీ చాలక డ్రిల్లు మెషిన్‌కి పాలిష్ చక్రం తగిలించి. గంటన్నరలో కొత్త స్పూన్‌లా మెరిసిపోయింది. ఫోటో తీసి అందరికీ పంపాను. రెండు నెలల తర్వాత ఒక ఆయుధాల మేళాకి పట్టుకెళ్ళి, తెల్ల మీసాల పెద్దాయన ఒకాయనకి గర్వంగా చూపిస్తే, ఆయన భూతద్దం పెట్టి గొట్టం చుట్టూ చూసి, మెడ దగ్గర చూసి, మళ్ళీ నా మొహం చూసి, "ఇక్కడ ఏదో రెజిమెంట్ నంబర్ ఉండేది" అన్నాడు. ఉండేది. ఆయన వేలు పెట్టిన చోట నిజంగానే వెలుగులో వంచి చూస్తే ఒక అంకె తోక లాంటిది లీలగా కనబడుతుంది, మూడో, ఎనిమిదో. మిగతాది నా పాలిష్ చక్రం తినేసింది. నూట యాభై ఏళ్ళ పైబడి ఎవరూ చెరపని దాన్ని నేను ఒక శనివారం మధ్యాహ్నం చెరిపేశాను.

ఎవరైనా ఈ సరదాలోకి దిగుతానంటే నేను ముందు చెప్పేది ఇదే: తోమకండి. ఆ నల్లటి, గోధుమ రంగు పొర మురికి కాదు, ఇనుముకి వయసుతో పట్టిన చర్మం. ఎర్రగా పొడిలా రాలే తుప్పుంటే పల్చటి నూనె రాసి, రెండ్రోజులు ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి, మహా అయితే ఇత్తడి నాణెం అంచుతో మెల్లగా గీకండి. తర్వాత కాస్త మైనం. ఇక్కడ అందరూ రినైజాన్స్ వ్యాక్స్ అనే తెల్ల మైనం వాడతారు, 1950ల చివర్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో తయారైంది అది, చిన్న డబ్బా కొంటే ఏళ్ళు వస్తుంది. అంతకు మించి చెయ్యి దురద పెడితే వెళ్ళి ఇంట్లో గిన్నెలు తోమండి, ఇంట్లోవాళ్ళు కూడా సంతోషిస్తారు.

ఇక అసలు సంగతికి వద్దాం. విక్టోరియా కాలం బాయ్‌నెట్లు చూసినవాళ్ళకి మొదట వచ్చే అనుమానం, ఒకటి గునపంలా, ఇంకోటి కత్తిలా, ఇంకోటి రంపంలా, ఒకటేమో రెండడుగులు, ఇంకోటి జానెడు పైచిలుకు, ఏమిటీ గందరగోళం అని. నాకు దారి దొరికింది ఒక చిన్న కూడికతో. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పొడవు 55 అంగుళాలు, దాని బాయ్‌నెట్ బ్లేడు సుమారు 17. రెండూ కలిపితే 72. 1871లో మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చింది, వెనకనుంచి తూటా పెట్టేది, పొడవు 49 అంగుళాలే. పాత బాయ్‌నెట్ తగిలిస్తే ఆరంగుళాలు కోల్పోయినట్టే. అందుకే 1876లో కొత్త సాకెట్ బాయ్‌నెట్‌కి బ్లేడు దాదాపు 22 అంగుళాలు పెట్టారు. 49, 22 కలిపితే 71. చూశారా, మళ్ళీ మొదటికే వచ్చింది. గుర్రం మీద వచ్చేవాడిని నేల మీద నిలబడ్డవాడు ఆపాలంటే ఇంత పొడవు కావాలి అని ఒక లెక్క వాళ్ళ బుర్రలో స్థిరపడిపోయింది. తుపాకీ మారింది, తూటా మారింది, తగిలించే పద్ధతి మారింది, ఆ ఆరడుగుల లెక్క మాత్రం మారలేదు. తుపాకీ ఎంత తగ్గితే కత్తి అంత పెరిగింది.

1876 దాన్ని ఇక్కడ లంజర్, అంటే ముందుకి దూకి పొడిచేది, అంటారు. చేతిలో పట్టుకుంటే ముందుకి తూలుతుంది, మొన దగ్గర సూదిలా ఉంటుంది. నా దాని మొన ఓ అరంగుళం వంగి ఉంది, దాన్ని సరిచేయిస్తావా అని అడుగుతారు, చేయించను. ఆ వంపు యుద్ధంలో వచ్చిందో, తర్వాత ఎవరో పిల్లాడు చెట్టుకి గుచ్చి ఆడితే వచ్చిందో, వచ్చింది కదా, ఉండనీ.

1876 దానికంటే ముందు ఇంకో చిత్రం జరిగింది. మార్టినీ తుపాకీ గొట్టం పాత ఎన్‌ఫీల్డ్ కంటే సన్నం, స్టోర్లలోనేమో 1853 బాయ్‌నెట్లు గుట్టలు గుట్టలు. పారెయ్యడం దేనికని సాకెట్ లోపల ఇంకో సన్న గొట్టం దూర్చి అతికి, బిగుతు చేసి వాడేశారు. కొత్త చెప్పులు వదులైతే లోపల అట్టముక్క పెట్టుకుంటామే, అదే పద్ధతి. సాకెట్‌ని అంచువైపు నుంచి వెలుగులో చూస్తే ఒక దాని లోపల ఒకటి రెండు వలయాలు కనిపిస్తాయి, మధ్యలో వెంట్రుకంత గీత. ఆ గీత కనబడిన చోట నేను బేరం ఆపి డబ్బు తీసి ఇచ్చేస్తాను, ఎందుకంటే చాలామంది అమ్మేవాళ్ళు దాన్ని గమనించక మామూలు 1853 ధరే చెబుతారు.

ఇది గునపాల వంశం. కత్తుల వంశం వేరే. రైఫిల్ రెజిమెంట్లకి, సార్జెంట్లకి సాకెట్ కాకుండా పిడి ఉన్న సోర్డ్ బాయ్‌నెట్లు ఇచ్చారు, 1856 నుంచి వచ్చినవాటికి యాటగన్ బ్లేడు, అంటే పాములా ఒకసారి కిందకి, మొన దగ్గర మళ్ళీ పైకి వంపు తిరిగి, దాదాపు 23 అంగుళాలు. తురుష్కుల కత్తి పోలిక, ఫ్రెంచివాళ్ళు ముందు తెచ్చారు, వీళ్ళు వెనక పట్టుకున్నారు. అందానికి చేశారనుకుంటాం కానీ అక్కడా కారణం మందు కూరే చెయ్యే, బ్లేడు కాస్త కిందకి వంగితే చేతికి దారి దొరుకుతుంది. నల్లటి తోలు పిడి మీద చిన్న చిన్న గళ్ళు అచ్చు వేసి ఉంటాయి, చేతి చెమటకి జారకుండా. నా దాని పిడి మీద బొటనవేలు పడే చోట ఆ గళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. అక్కడ నా బొటనవేలు పెట్టిన ప్రతిసారీ ఏదోలా ఉంటుంది. అన్నట్టు ఇక్కడి రైఫిల్ రెజిమెంట్‌లో ఈ రోజుకీ బాయ్‌నెట్‌ని బాయ్‌నెట్ అనరు, సోర్డ్ అంటారు, అది ఎంత పొట్టిదైనా సరే.

నౌకాదళం వాళ్ళది ఇంకా పెద్దది, 1859 కట్లాస్ బాయ్‌నెట్, చేతిని మొత్తం కప్పే ఇనుప గిన్నె లాంటి కవచంతో. దాని కోసం మూడేళ్ళుగా తిరుగుతున్నా, నాకు నచ్చినవి జేబుకి నచ్చడం లేదు. ఫిరంగిదళం వాళ్ళ 1879 మోడల్‌కి వీపున రంపం పళ్ళు ఉంటాయి. ఎల్చో ప్రభువుగారు 1871లో ప్రతిపాదించిన ఆకు ఆకారపు రంపం కత్తి ఒకటుంది, అది కొద్దిగానే చేశారు, నేను లీడ్స్ రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో అద్దాల వెనక చూసి దండం పెట్టుకుని వచ్చేసే రకం.

రంపం అన్నాను కదా, ఇక్కడ ఒక మాట చెప్పెయ్యాలి, లేకపోతే నాకు కడుపు ఉబ్బరం. ఆ పళ్ళు పేగులు లాగడానికి కాదు. కట్టెలు కొయ్యడానికి. కట్టెలు కూడా సరిగ్గా తెగవు, అది వేరే సంగతి. అలాగే బ్లేడు పొడవునా ఉండే గాడిని రక్తం కారడానికి అంటారు, అదీ వట్టి మాట. గాడి తీస్తే బరువు తగ్గుతుంది, బిగి పోదు. మూడు పలకల బాయ్‌నెట్‌ని జెనీవా ఒప్పందంలో నిషేధించారు, ఆ గాయం మానదు కాబట్టి అని మరో కథ, నెట్ నిండా ఉంది. జెనీవా ఒప్పందాల్లో మూడు పలకల బాయ్‌నెట్ ఊసే లేదు. సన్నటి ఇనుము వంగకుండా ఉండాలంటే మడత కావాలి, ఇళ్ళ కప్పులకి యాంగిల్ ఐరన్ వాడతాం చూడండి, అదే సూత్రం. తయారీలో ఇనుము ఆదా, అంతే. ప్రతి మేళాలో కనీసం ఒకడైనా తన కొడుకుకి ఈ మూడు కథలూ వరసగా చెబుతుంటాడు, నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను, దాదాపుగా.

వంగడం అంటే గుర్తొచ్చింది, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఇష్టమైన కథ వంగిన బాయ్‌నెట్ల గొడవ. 1885 జనవరి 17న సూడాన్‌లో అబూ క్లియా దగ్గర బ్రిటిష్ దళం మీద మహదీ అనే మతనాయకుడి తిరుగుబాటు సైన్యం విరుచుకుపడింది. మర తుపాకీ మొరాయించింది, రైఫిళ్ళలో తూటాలు ఇరుక్కున్నాయి, చేతులకి చేతులు తగిలే దాకా వచ్చింది, తీరా అప్పుడు బాయ్‌నెట్లు వంగిపోయాయని యుద్ధం నుంచి కబుర్లు వచ్చాయి. లండన్ పత్రికల్లో గోల, పార్లమెంటులో ప్రశ్నలు. ప్రపంచంలో సగానికి ఇనుము అమ్మే దేశం తన సిపాయి చేతికి సీసం లాంటి కత్తి ఇచ్చిందా అని. అప్పటికి బాయ్‌నెట్లు ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో, బర్మింగ్‌హామ్‌లో చేసినవి కొన్నయితే, జర్మనీలోని సోలింగన్ నుంచి తెప్పించినవి బోలెడు. తప్పెవరిదని ఒకరి మీద ఒకరు నెట్టుకున్నారు, ఏ దేశంలో అయినా ఇది ఇంతే. ఆ తర్వాత వచ్చిన 1887 మోడల్ సాకెట్ కాదు, పిడి ఉన్న కత్తి, 18న్నర అంగుళాల బ్లేడు. దానికి మార్క్ ఒకటి నుంచి నాలుగు దాకా రకాలున్నాయి, వాటి తేడాలు చెబితే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారు.

1888లో మ్యాగజైన్ (వరసగా తూటాలు అందించే పెట్టె) ఉన్న లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ వచ్చింది. గబగబా కాల్చే తుపాకీ చేతికొచ్చాక గుర్రాన్ని ఆపడానికి ఆరడుగులు అక్కర్లేదనిపించింది. కత్తి ఒక్కసారిగా 12 అంగుళాలకి పడిపోయింది, రెండు వైపులా పదును, పిడికి చెక్క, దానికి ఇత్తడి రివెట్లు. మొదట్లో చేసినవాటికి మూడు రివెట్లు, తర్వాతవాటికి రెండు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలని నా సలహా, ఎందుకంటే ఎక్కువ దొరుకుతుంది, నేను 110 పౌండ్లకి కొన్నాను ఒరతో సహా, పైగా ఇది అక్షరాలా తన జాతకం ఒంటి మీద పొడిపించుకుని తిరుగుతుంది.

నా దాన్నే తీసుకోండి. పిడి దగ్గర, పదును మొదలయ్యే ముందు, రెండు వేళ్ళ వెడల్పున చదునైన చోటు ఉంటుంది. ఒక వైపు పైన కిరీటం, కింద వి.ఆర్., అంటే విక్టోరియా రెజైనా, రాణిగారి సంతకం అనుకోండి. దాని కింద 11, ఆ పక్కన 96, అంటే 1896 నవంబర్లో చేశారు. దాని కింద విల్కిన్‌సన్ లండన్ అని చేసినవాడి పేరు. తిప్పితే రెండో వైపు డబ్ల్యూ.డి., అంటే వార్ డిపార్ట్‌మెంట్, మధ్యలో విల్లంబు బాణం మొన లాంటి గుర్తు, ఇది ప్రభుత్వ ఆస్తి అని. పక్కన ఎక్స్ అని ఒక గుర్తు, వంచి చూశాం, తిరిగి నిటారుగా వచ్చింది అని. ఇంకా చిన్న చిన్న కిరీటాలు, వాటి కింద అంకె, అక్షరం, పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టర్లవి, అక్షరం ఇ అయితే ఎన్‌ఫీల్డ్, బి అయితే బర్మింగ్‌హామ్, డబ్ల్యూ అయితే విల్కిన్‌సన్. ఆ తర్వాత 99 అని ఒకటి, 02 అని ఇంకోటి, మళ్ళీ మళ్ళీ స్టోర్ నుంచి ఇచ్చినప్పుడు కొట్టిన తేదీలు. ఒక వైపు పుట్టిన తేదీ, రెండో వైపు హాజరు పట్టీ. 99 ఉంది కాబట్టి 1899లో దక్షిణాఫ్రికాలో మొదలైన బోయర్ యుద్ధానికి పోయిందని నేనూ ఒక కథ కట్టి నలుగురికీ చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలని ఉంది కూడా. కానీ ఆ అంకె చెప్పేది మళ్ళీ ఇచ్చారని మాత్రమే, ఎక్కడికి ఇచ్చారో అది చెప్పదు.

కథలు కట్టేవాళ్ళకి కొదవా? పోయిన ఏడాది ఒక మేళాలో సరిగ్గా ఇలాంటి 1888 బాయ్‌నెట్‌నే ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద పెట్టి, పక్కన అట్ట మీద "జులూ యుద్ధం, 24వ రెజిమెంట్" అని రాసి, 290 పౌండ్లు అన్నాడు ఒకాయన. పిడి వెనక నిజంగానే 24 అని పొడిచి ఉంది. మీలో తెలియనివాళ్ళ కోసం, 1879 జనవరి 22న ఇసాండ్‌ల్వానా దగ్గర దక్షిణాఫ్రికాలోని జులూలు బ్రిటిష్ దళాన్ని ఊచకోత కోశారు, అదే రోజు సాయంత్రం నుంచి పక్కనే రోర్క్స్ డ్రిఫ్ట్‌లో 150 మంది చిల్లర బ్రిటిష్ సిపాయిలు తెల్లవార్లూ కాచుకుని నిలబడ్డారు, 11 మందికి వాళ్ళ అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది 24వ రెజిమెంట్ వాళ్ళు. అందుకని ఆ 24 అంకె పడితే పాత ఇనుము బంగారం అవుతుంది. సరే, 1879లో జరిగిన యుద్ధానికి 1888లో పుట్టిన కత్తి ఎలా వెళ్ళింది అని అడగకుండా, మెల్లగా చేతిలోకి తీసుకుని తిప్పి చూశా. 95 అని తేదీ, స్పష్టంగా, పాలిష్ కూడా చెయ్యలేదు పాపం. పైగా 1881లో రెజిమెంట్ల నంబర్లన్నీ ఎత్తేసి జిల్లాల పేర్లు పెట్టారు, 24వ రెజిమెంట్ అప్పటినుంచి సౌత్ వేల్స్ బోర్డరర్స్. ఆ 24 ఏదో అరలో వరస సంఖ్య అయ్యుంటుంది, 23 పక్కన, 25 పక్కన. ఇదంతా మర్యాదగా చెప్పాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా "250కి ఇస్తాను" అన్నాడు.

ముద్రలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయనుకోకండి. ఇంకో మేళాలో ఒకావిడ దగ్గర సాకెట్ బాయ్‌నెట్ల కట్ట ఒకటి, ఒక్కోటి 45 పౌండ్లు. వాటిలో ఒకదాని సాకెట్ మీద వంకర టింకర గీతలు, ఆవిడ "ఏవో గోకుళ్ళు, అందుకే ధర తగ్గించా" అంది. నేను కళ్ళజోడు పైకెత్తి చూస్తే రెండు, నాలుగు, ఏడు. దేవనాగరి అంకెలు. చిన్నప్పుడు అమ్మ పోరు పడలేక హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక, మధ్యమ దాకా రాశాను, రాష్ట్రభాషలో తప్పాను, ఆ చదువు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్‌లో ఒక చలిగదిలో ఇలా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు! 2003లో కాఠ్మాండూలో లగన్ సిలేఖానా అనే పాత ప్యాలెస్‌లో మూలుగుతున్న నేపాల్ సైన్యం ఆయుధాల్ని అమెరికా వ్యాపారులు టన్నుల కొద్దీ కొనుక్కుపోయారు, అక్కణ్ణుంచి అవి ప్రపంచమంతా పాకాయి, ఆ అంకెలు చూస్తే ఇదీ ఆ బాపతే అనిపించింది. ఆవిడకి చదివి చెప్పాను, "టూ ఫోర్ సెవెన్" అని. ఆవిడ మొహం వెలిగిపోయింది, వెంటనే ధర 60 చేసింది. నోరు మూసుకోవడం దాదాపుగా నేర్చుకున్నానని పైన రాశాను కదా, ఆ దాదాపు ఖరీదు 15 పౌండ్లు.

ఇంకోటి ఉంది నా దగ్గర, దాని మీద ఐ.ఎస్.డి. అని ముద్ర. ఇండియా స్టోర్స్ డిపార్ట్‌మెంట్. లండన్‌లో కొని ఇండియాకి పంపే సామానుకి కొట్టేవారు. ఇది కొన్న రోజు మాత్రం బేరంలో గెలిచిన సంబరం రాలేదు. ఎవరి చేతికి పోయింది, ఏ ఊళ్ళో ఎవరి మీదకి ఎత్తారు, ఎత్తారా అసలు, లేక ఏదో కంటోన్మెంట్ గోడకి వేలాడి వేలాడి తిరిగొచ్చిందా. మనల్ని ఏలినవాళ్ళ కత్తులు పోగేసుకోవడమేమిటి, సిగ్గులేదా అని ఒక స్నేహితుడు మొహం మీదే అడిగాడు. నా దగ్గర గట్టి జవాబు లేదు. అద్దాల గదిలో పూలదండ వేసి పెట్టుకున్నవి కావు ఇవి, ఎవరు, ఎప్పుడు, ఎన్ని, ఎక్కడికి అని వాళ్ళే పొడిచి పెట్టుకున్న లెక్కల పుస్తకం, అది చదవడం నాకు ఇష్టం, అని మాత్రం అన్నాను. వాడు ఒప్పుకోలేదు, ఫర్లేదు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి రూల్స్ కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇవి ఇంట్లో ఉంచుకోడానికి లైసెన్సు అక్కర్లేదు, 18 ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మకూడదు, సరైన కారణం లేకుండా వీధిలో పట్టుకు తిరిగితే 1988 చట్టం కింద నేరం. మేళా నుంచి కారు దాకా నడిచే రెండు నిమిషాలకి కూడా నేను పాత దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని వెళతాను, డిక్కీలో వేసి తిన్నగా ఇంటికే, మధ్యలో కాఫీకి ఆగినా డిక్కీ తెరవను. ఒకసారి రైల్లో తెచ్చాను, గొడుగు సంచిలో. అరవై మైళ్ళూ టెన్షన్‌తో చచ్చాను, మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

ఒర సంగతి మర్చిపోయేవాణ్ణి. బాయ్‌నెట్లు మిగిలాయి కానీ ఒరలు పోయాయి, తోలు కదా, ఎండి, ముడుచుకుని, కుట్లు ఊడి, ఎలుకలు కొరికి. అందుకే ఒరతో ఉన్నది దొరికితే ధర దాదాపు రెట్టింపు. దొరికిన సంబరంలో కత్తిని అందులోనే ఉంచేస్తారు చాలామంది, అది తప్పు, పాత తోలు గాల్లో తేమని పీల్చి లోపల కత్తికి తుప్పు పట్టిస్తుంది, ఇత్తడి ఉన్న చోట పచ్చటి చిలుం. పక్కపక్కన పడుకోబెట్టండి, లోపల వద్దు. నా 1853 దాని ఒర కోసం ఇంకా వెతుకుతున్నాను, నల్ల తోలు, పైనా కిందా ఇత్తడి తొడుగు, ఎక్కడైనా కనబడితే చెప్పండి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్నటి దసరా. అమ్మ వీడియో కాల్‌లో వెనక గోడ చూసి, "ఏరా, అన్ని కత్తులు పెట్టుకుని ఆయుధపూజ చెయ్యకపోతే ఎలాగరా, అసలే అవి ఎంతమందిని పొడిచినవో" అంది. మా ఆవిడ వెంటనే "నేనూ అదే అంటున్నా అత్తయ్యా" అని పసుపు, కుంకుమ గిన్నెలు తెచ్చేసింది, రెండింట్లోనూ నీళ్ళు కలిపి. నూట ముప్ఫై ఏళ్ళ ఇనుముకి తడి కుంకుమ! వద్దు మొర్రో అని అడ్డం పడ్డాను, కారు తాళానికి పెట్టు, వంటింట్లో చాకుకి పెట్టు, వీటి జోలికి రాకు అని. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఆ వాదం ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలుసు. చివరికి నేనే లోపలికెళ్ళి, పాలిష్ పట్టి నాశనం చేసిన ఆ మొదటి 12 పౌండ్ల ఊచని తెచ్చి బల్ల మీద పెట్టాను, దీనికి పెట్టుకోండి, ఎంత కావాలంటే అంత. ఆవిడ సాకెట్ మీద, సరిగ్గా ఆ అంకె చెరిగిపోయిన చోట, వేలితో మూడు బొట్లు పెట్టింది. అక్కడ ఇప్పుడు మెల్లగా తుప్పు పడుతోంది, ఈసారి నేను తుడవలేదు.